మంచు యుగమూ – మన ఊరి కుంటా

 

ఈ నెల ఒక ప్రశ్నతో మొదలుపెడుతున్నాము. ఆ ప్రశ్న మాది కాదు, మా సంఘంలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అబ్బాయిది. వేసవి సెలవుల్లో యవనస్థులను వెంటబెట్టుకొని ఒంటిమిట్ట నుండి బెలుం గుహలు చూడబోయాము. పులిహోర పొట్లాలు, నీళ్ళ క్యాన్లు బస్సులో వేసుకొని తెల్లవారుజామునే బయలుదేరాము. గుహంతా తిరిగి, చెమటలు తుడుచుకుంటూ పైకి వచ్చి, చెట్టు నీడన కూర్చున్నప్పుడు ఆ అబ్బాయి అడిగాడు: “అయ్యగారూ, మా పుస్తకంలో మంచు యుగం అని రాసినారు. అప్పుడు మన కడప జిల్లాలో గూడా మంచు పడిండెనా?”

పిల్లలందరూ గొల్లున నవ్వారు. మే నెల ఎండకు రాళ్ళు పగిలిపోతున్నాయి, ఇతనేమో మంచు అంటున్నాడు! ఆ నవ్వులో మేమూ కలిశాము. అబ్బాయి తల వంచుకున్నాడు.

ఇంటికి వచ్చిన తరువాత ఆ వంగిన తల మమ్మును వదలలేదు. తెలియని సంగతిని నవ్వి దాటవేయడం కాపరికి తగదు గదా! తెలిసిన అధ్యాపకులను అడిగి, పుస్తకాలు తెప్పించుకొని కొన్ని నెలలు చదివాము. చదివిన కొద్దీ రెండు సంగతులు తెలిసివచ్చాయి. ఆ అబ్బాయి అడిగినది నవ్వవలసిన ప్రశ్న కాదనేది మొదటిది. రెండవది, కొన్నేండ్ల క్రితం మేము చేసిన ఒక తప్పు. అది చివర చెప్పుకుంటాము. ముందు అబ్బాయి ప్రశ్నకు జవాబు.

మంచు యుగమంటే ఏమిటి?

మన భూమి ఎల్లప్పుడూ ఈనాటి వేడిమితోనే లేదు. చలి ముదిరిన కాలాలు, వెచ్చబడిన కాలాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆఖరి మంచు యుగం దాదాపు లక్ష సంవత్సరాలు సాగింది. సుమారు 21,000 సంవత్సరాల క్రితం అది బాగా ముదిరింది. ఆ రోజుల్లో కెనడా దేశం దాదాపు అంతా, ఉత్తర ఐరోపా చాలా భాగం మంచు గడ్డ కింద ఉండేది. ఆ మంచు మందం కొన్నిచోట్ల మూడు కిలోమీటర్లు. అన్ని నీళ్ళు నేల మీద గడ్డకట్టి నిలిచిపోవడం వల్ల సముద్రం సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. నలభై అంతస్తుల మేడ ఎంత ఎత్తో అంత అన్నమాట! మనకూ సింహళానికీ నడుమ నేల తేలింది. మన నెల్లూరు తీరం ఎంతో దూరం తూర్పుకు జరిగింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? పిల్లలారా, మీరు తిప్పే బొంగరాన్ని జ్ఞాపకం చేసుకోండి. అది తిరుగుతూ తిరుగుతూ కొంచెం తల ఊపుతుంది. భూమి కూడా అంతే. దాని వాలు కొద్దిగా మారుతుంది, తల ఊపు మారుతుంది, సూర్యుని చుట్టూ తిరిగే దారి ఆకారం కూడా మారుతుంది. ఒక్కొక్క మార్పుకు ఇరవై వేల నుండి లక్ష సంవత్సరాల వరకు పడుతుంది. ఉత్తర దేశాల వేసవి చల్లబడినప్పుడు, చలికాలపు మంచు కరగక పేరుకుపోతుంది. ఈ లెక్కను ఇరవయ్యవ శతాబ్దంలో మిలుటిన్ మిలంకోవిచ్ అనే సెర్బియా దేశపు గణిత పండితుడు ఎన్నో ఏండ్లు కూర్చుని చేతితో కట్టాడు. సముద్రపు అడుగున పొరలు పొరలుగా ఉన్న మన్ను తరువాతి కాలంలో ఆ లెక్కకు సాక్ష్యమిచ్చింది.

మరి మన సీమలో?

మన సీమలో మంచు పేరుకోలేదు. మనకు వచ్చినది మంచు కాదు, కరువు!

మన వానలు సముద్రం మీద నుండి వచ్చేవే గదా. పొయ్యిలో మంట తగ్గిస్తే ఎసట్లో ఆవిరి తగ్గుతుందని మన తల్లులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ కాలంలో సముద్రం చల్లబడింది, నేల కూడా నాలుగైదు డిగ్రీలు చల్లబడింది. ఆవిరి తగ్గింది, నైరుతి గాలి నీరసించింది. దేశం మీద కురిసే వాన తగ్గిపోయింది. చలి దేశాల వారికి అది మంచు యుగమైతే, మనకది కరువు యుగము. ఇది మూడేండ్ల కరువు కాదు. ధాత కరువు 1876 నుండి 1878 వరకు ఉండి మన పల్లెలను ఖాళీ చేసిందని పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఈ కరువు మాత్రం నడుమ నడుమ తెరిపి ఇచ్చినా వేలకు వేల సంవత్సరాలు సాగినది.

ఇదంతా ఎవరు చూశారు, ఎలా తెలిసింది అని మీరు అడగవచ్చు. అడగవలసినదే. సాక్ష్యం లేని మాటను నమ్మనక్కరలేదు. ఆ సాక్ష్యం ఎక్కడో మంచు దేశంలో లేదు, మన ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే ఉంది.

గుహలను చదివిన వారు

బేతంచెర్ల దగ్గర బిళ్ళసర్గం గుహలున్నాయి. నేడు ఆ ప్రాంతం నంద్యాల జిల్లాలో చేరింది. న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఆ గుహల మట్టిలో పాతకాలపు ఎముకలు ఉన్నాయని 1844లో వ్రాశాడు. తరువాత నలభై ఏండ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లండులోని హక్స్లీ అనే శాస్త్రవేత్త మద్రాసు గవర్నరుకు గుర్తు చేయగా, ఆ పని రాబర్ట్ బ్రూస్ ఫుట్ మీద పడింది.

ఈ ఫుట్ దొరను గూర్చి రెండు మాటలు చెప్పాలి. 1834లో పుట్టి, 1858లో మన దేశపు భూగర్భ పరిశోధన శాఖలో చేరాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించి, ఈ దేశంలో అతి ప్రాచీన కాలపు మనుష్యులు ఉండేవారని లోకానికి తెలియజేశాడు. అరవ భాషలో బైబిలు అనువాదానికి పాటుపడిన మిషనరీ పీటర్ పెర్సివల్ గారి అల్లుడు ఇతడే. 1884 ప్రాంతంలో ఫుట్, అతని కుమారుడు హెన్రీ కలిసి బిళ్ళసర్గం గుహలను తవ్వించారు. మేము యవనస్థులతో చూసి వచ్చిన బెలుం గుహలను గూర్చి వ్రాసినది కూడా ఆ ఫుట్ గారే.

గుహల్లో దొరికిన ఎముకలను లిడెక్కర్ అనే పండితుడు పరీక్షించి 1886లో జాబితా ప్రకటించాడు. అందులో ఖడ్గమృగం ఉంది! నేడు అస్సాము వైపు బురద గడ్డి నేలల్లో తిరిగే జంతువు ఒకప్పుడు బేతంచెర్ల దగ్గర తిరిగింది. లిడెక్కర్ దానికి మన కర్నూలు పేరు కలిపి శాస్త్రీయ నామం కూడా పెట్టాడు. ఖడ్గమృగం బ్రతకాలంటే గడ్డి కావాలి, బురద కావాలి, నిలిచిన నీరు కావాలి. బేతంచెర్ల రాళ్ళ నడుమ ఒకప్పుడు అవి ఉండేవన్నమాట.

తరువాత మన తెలుగువారైన ఎం.ఎల్.కె. మూర్తి గారు వచ్చారు. మన రైలు మార్గంలోనే ఉన్న రేణిగుంట చుట్టుపక్కల రాతి పనిముట్లను ఆయన 1960లలో పరిశోధించారు. 1970లలో బేతంచెర్ల ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవిని తవ్వారు. గవి అంటే మన సీమలో గుహ అని మీకు తెలుసు. అందులో ఎముకతో చేసిన పనిముట్లు దొరికాయి, పొయ్యి దొరికింది. ఆ పొయ్యిలో కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 సంవత్సరాల నాటిదని తేలింది. తలచుకొనండి! ఉత్తర ఐరోపా ఇంకా మంచు కింద ఉన్న రోజుల్లో, మన సీమలో ఒక కుటుంబం ఆ గవిలో నిప్పు రాజేసుకొని చలి కాచుకొన్నది. మూర్తి గారు అక్కడితో ఆగలేదు. వేటాడి, అడవిలో సేకరించి బ్రతికే ఆ ప్రాంతపు జనుల జీవనాన్ని గమనించి, ఆ వెలుగులో గుహల కథను అర్థం చేసుకొన జూచారు.

బూడిద కింద నేల

బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే పల్లె ఉంది. అక్కడ జుర్రేరు లోయలో నేలను తవ్వితే తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. ఊరివాళ్ళు దానిని తవ్వి శుభ్రపరిచే పొడుల తయారీకి అమ్ముకొనేవారు. ఆ బూడిద మన నేలది కాదు. 74,000 సంవత్సరాల క్రితం, ఆఖరి మంచు యుగం సాగుతున్న కాలంలో, ఇండొనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం బ్రద్దలైంది. ఆ బూడిద రెండువేల ఐదువందల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి మన సీమ మీద పడింది. వానలకు కొట్టుకువచ్చి లోయలో మనిషి ఎత్తుకు మించి పేరుకున్నది. గత ఇరవై లక్షల సంవత్సరాలలో అంత పెద్ద పేలుడు లేదని చెబుతారు.

ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయపు ఆచార్యులు రవి కోరిశెట్టర్ గారు, కేంబ్రిడ్జి నుండి వచ్చిన మైఖేల్ పెట్రాగ్లియా గారు తమ బృందాలతో అక్కడ ఏండ్ల తరబడి తవ్వారు. 2007లో తాము కనుగొన్న సంగతి ప్రకటించారు. బూడిద పొర కింద రాతి పనిముట్లు ఉన్నాయి. బూడిద పొర పైన కూడా దాదాపు అటువంటి పనిముట్లే ఉన్నాయి. ఆకాశం నుండి బూడిద కురిసినా ఆ లోయలో మనుష్యుల ఉనికి తుడిచిపెట్టుకు పోలేదని వారి వాదన. దగ్గరలోని మరొక రాతి నీడలో, సుమారు 35,000 సంవత్సరాల క్రితం నుండి మొదలుపెట్టి, చిన్న చిన్న రాతి పలుగులు వేలకొద్దీ దొరికాయి.

అందరూ ఈ వాదనను ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ విలియమ్స్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2009లో వేరొక మాట చెప్పాడు. తోబా తరువాత మధ్య భారతంలో అడవి పోయి గడ్డి మైదానం వచ్చిందని, చలి, ఎండు కాలం ముదిరాయని ఆయన సాక్ష్యం. దీనికి ఆయన బంగాళాఖాతపు అడుగు మట్టిలోని పుప్పొడిని, నేలలోని సున్నపు గడ్డలను చూపించాడు.

సున్నపు గడ్డ ఎలా సాక్ష్యం చెబుతుంది? ఇది మన రైతులు సులువుగా గ్రహించగల సంగతి. పొలం లోతుగా దున్నినప్పుడు తెల్లటి సున్నపు గడ్డలు పైకి వస్తాయి గదా. మొక్కల వేళ్ళు వదిలే గాలి నేలలోని సున్నంతో కలిసి అవి తయారవుతాయి. ఇక మొక్కల్లో రెండు తెగలున్నాయి. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, చెరకు, మన బీళ్ళలో మొలిచే గడ్డి చాలా వరకు ఒక తెగ. ఇవి ఎండకు, తక్కువ నీటికి ఓర్చుకుంటాయి. వరి, వేరుశనగ, కంది, అడవిలోని చెట్లన్నీ మరొక తెగ. గాలిలోని బొగ్గు పదార్థంలో తేలికది, కొంచెం బరువైనది అని రెండు రకాలున్నాయి. జొన్న తెగ బరువైనదానిని కొంచెం ఎక్కువ తీసుకుంటుంది, చెట్ల తెగ తక్కువ తీసుకుంటుంది. ఆ తేడా సున్నపు గడ్డలో అచ్చు పడి వేల సంవత్సరాలు చెరగక ఉంటుంది. గడ్డను ప్రయోగశాలలో తూస్తే, అది తయారైన నాడు ఆ నేల మీద అడవి ఉన్నదో, గడ్డి ఉన్నదో తెలిసిపోతుంది. బెంగుళూరులోని రామన్ సుకుమార్ గారు, వారి తోటివారు ఇదే పద్ధతిలో నీలగిరి కొండల బురద నేలలను పరీక్షించి 1993లో ప్రకటించారు. మంచు యుగం ముదిరిన కాలంలో ఆ కొండల మీద కూడా ఎండుకు ఓర్చే గడ్డే మిక్కిలిగా ఉన్నట్టు తేలింది. నీలగిరులకే ఆ గతి పట్టిందంటే వాన నీడలో ఉన్న మన సీమ సంగతి వేరే చెప్పాలా?

జ్వాలాపురంలో బూడిద కింద ఉన్న నేలను కూడా ఇలాగే పరీక్షించి 2012లో వ్రాశారు. ఆ లోయ అంతా ఒకే తీరుగా లేదట. ఒకచోట చెట్లు, ఒకచోట గడ్డి, ఒకచోట చెమ్మ నేల. అతుకుల బొంత లాంటి నేల అన్నమాట. ఈ మాట గుర్తు పెట్టుకొనండి. ఈ కథకంతటికీ తాళపుచెవి ఇదే.

కరువు యుగాన్ని ఎలా దాటారు?

కోరిశెట్టర్ గారు దేశపు పటాన్ని ముందు పెట్టుకొని ఒక సంగతి గమనించారు. ప్రాచీన మనుష్యుల గుర్తులు ఎడతెగక, యుగం వెంట యుగంగా కనిపించే చోట్లు ఎక్కడ? మన కడప పళ్ళెం వంటి ప్రాచీన శిలల లోయల్లో. కడప, కర్నూలు సీమల కింద ఉన్న ఈ రాతి పళ్ళెంలో సున్నపురాయి ఉంది, పలక రాయి ఉంది, గట్టి తెల్లరాయి ఉంది. వాన నీరు ఆ రాతి పగుళ్ళలోకి దిగి, మెల్లగా నడిచి, ఎక్కడో కొండ అడుగున ఊటగా బయటికి వస్తుంది. పైన వాన లేని నెలల్లో కూడా ఊట పారుతుంది. బనగానపల్లె దగ్గర యాగంటి కోనేరు నడివేసవిలో కూడా ఎండదని మీలో చూసినవారికి తెలుసు. కరువు యుగంలో మనుష్యులు, జంతువులు, చెట్లు ఇటువంటి చెమ్మ చోట్లను పట్టుకొని బ్రతికాయని ఆయన అభిప్రాయం. మిగతా దేశం ఎండినప్పుడు ఈ పళ్ళెం ఆశ్రయపురంగా ఉన్నది.

దీనికి గట్టి సాక్ష్యం మళ్ళీ బిళ్ళసర్గం నుండే వచ్చింది. ఆ గుహలను ఈ కాలపు పద్ధతులతో తిరిగి తవ్వి 2014లో ఫలితం ప్రకటించారు. రెండు లక్షల సంవత్సరాల వెనుకకు పోయే పొరలలో 21 రకాల జంతువులను గుర్తించారు. వాటిలో ఎన్ని ఈ భూమి మీద నుండి, మన దేశం నుండి పోకుండా మిగిలాయి? ఇరవై! ఒక్క కోతి జాతి మాత్రమే మన దేశం నుండి మాయమైంది. నేడు ఇథియోపియా కొండల్లో బ్రతికే గెలాడా కోతికి అది దగ్గరి బంధువు. ఐరోపాలో, అమెరికాలో ఆ కాలంలో పెద్ద జంతువులు ఎన్నో శాశ్వతంగా నశించాయి. మన దేశంలో అంత నాశనం ఎందుకు జరగలేదు? ఆ శాస్త్రవేత్తల జవాబు ఇది: ఇక్కడ నేల అతుకుల బొంత లాగా ఉండేది. అడవి ఎండితే వంక వెంబడి నడిచి లోయకు చేరవచ్చు. లోయ ఎండితే కొండ ఊటకు చేరవచ్చు. చోట్లు చిన్నవే గాని, ఒకదాని నుండి ఒకదానికి దారి ఉండేది. వాన తిరిగి వచ్చిన నాడు ఆ చిన్న చోట్ల నుండే అడవి మళ్ళీ నాలుగు దిక్కులకు వ్యాపించింది.

ఏలీయా ప్రవక్తను కరువు రోజుల్లో దేవుడు మహానది దగ్గరికి పంపలేదు, కెరీతు అనే చిన్న వాగు దగ్గరికి పంపాడు. ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలిసిన కథ. చిన్న వాగు విలువ కరువులోనే తెలుస్తుంది.

మన ఒంటిమిట్ట చుట్టూ చూడండి. ఈ కొండల్లో పెరిగే ఎర్రచందనం మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు. పెన్న అవతల లంకమల అడవిలో కలివికోడి అనే పక్షి ఉంది. 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో తిరిగి కనబడింది. తుప్పలు, నడుమ నడుమ ఖాళీ నేల ఉన్న చోటే దానికి కావాలి. మనం పనికిరాని తుప్పల బీడు అనుకొనేదే దానికి ఇల్లు.

అయితే నేడు సంగతి మారింది. మంచు యుగం ముదిరిన నాడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళలో సుమారు 190 పాళ్ళు ఉండేది. అది 280 కావడానికి వేల సంవత్సరాలు పట్టింది. యంత్రాలు వచ్చిన తరువాత రెండు వందల యాభై ఏండ్లలోనే 420 దాటింది. అప్పుడు మార్పు నడిచి వచ్చింది, ఇప్పుడు పరుగెత్తి వస్తున్నది. అప్పుడు పారిపోవడానికి వంకలు ఉన్నాయి, ఊటలు ఉన్నాయి. ఇప్పుడు వంకకు అడ్డంగా గోడ, కుంటలో మట్టి!

బైబిలు మాటేమిటి?

ఈ వేల, లక్షల సంవత్సరాల లెక్క విని కొందరు విశ్వాసులు కలవరపడతారు. మాకు ఉత్తరాలు కూడా వ్రాస్తారు. వారికి మా మనవి ఇది. సృష్టి క్రీస్తుకు పూర్వము 4004లో జరిగిందనే లెక్క బైబిలు చెప్పినది కాదు. ఐర్లండు దేశపు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో వంశావళులను కూడి కట్టిన లెక్క అది. ఆయన భక్తుడు, పండితుడు. కాని లెక్క ఆయనది.

మరొక బోధకుని కథ వినండి. విలియం బక్లండ్ ఆంగ్ల సంఘపు గురువు, ఆక్స్‌ఫర్డులో భూగర్భ శాస్త్రం చెప్పేవాడు. ఇంగ్లండులోని కిర్క్‌డేల్ గుహలో దొరికిన దుమ్ములగొండి ఎముకలను 1820లలో పరీక్షించి, గుహలో వాటిని కప్పిన మట్టి నోవహు జలప్రళయం తెచ్చినదని గ్రంథం వ్రాశాడు. లోకమంతా మెచ్చుకున్నది. తరువాత 1837లో స్విట్జర్లండు దేశస్థుడు లూయీ అగాసీ మంచు యుగం మాట ఎత్తాడు. 1840లో బక్లండ్ అతనితో కలిసి స్కాట్లండు కొండలు తిరిగాడు. మంచు గడ్డ గీరిన గీతలను రాళ్ళ మీద తన కళ్ళతో చూశాడు. చూసి, నేను చెప్పినది పొరపాటు, ఇది ప్రళయం పని కాదు, మంచు పని అని అందరి ఎదుట ఒప్పుకున్నాడు. అతని విశ్వాసం ఏమీ చెడిపోలేదు. 1845లో వెస్ట్‌మినిస్టరు మందిరానికి డీనుగా నియమించబడ్డాడు.

చూసినదానిని చూశామని, తప్పినదానిని తప్పామని చెప్పడం కూడా ఒక సాక్ష్యమే. అందుకే ఇప్పుడు మా తప్పు చెబుతున్నాము.

మేము పూడ్చిన కుంట

పన్నెండు సంవత్సరాల క్రితం మేము వేరొక పల్లెలో కాపరిగా ఉన్నాము. ప్రార్థన మందిరం వెనుక పావెకరం కుంట ఉండేది. వానాకాలంలో నిండేది, వేసవిలో అడుగున పచ్చగడ్డి ఉండేది. మేకలు అక్కడ మేసేవి. సంఘానికి పెండ్లి విందులు పెట్టుకోవడానికి ఒక హాలు కావాలన్నారు. కుంటను పూడిస్తే స్థలం వస్తుంది, దోమల బాధ కూడా పోతుందన్నారు. మేము సరేనన్నాము. తీర్మానం మీద మొదటి సంతకం మాదే.

ఆ రోజు ఎనభై ఏండ్లు దాటిన ఒక అవ్వ కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. “అయ్యా, ఆ కుంట పూడ్చొద్దు. ధాత కరువులో గూడా దాంట్లో చెమ్మ ఆరలేదని మా జేజి చెప్తాండె” అన్నది. మేము చిరునవ్వు నవ్వి, “అవ్వా, ఇప్పుడు బోరు ఉంది కదా” అన్నాము. ఆమె ఇంకేమీ అనలేదు. ముప్పై ట్రాక్టర్ల మట్టి తోలించాము.

మూడవ వేసవికి మందిరం బోరు వగర్చింది. అయిదవ వేసవికి ఎండింది. పక్కన ఉన్న ఇద్దరు పేద విశ్వాసుల బోర్లు కూడా పోయాయి. వారిలో ఒకాయన చీనీ చెట్లు ఎండిపోగా, భూమి కౌలుకిచ్చి కువైటుకు వెళ్ళాడు. వాన నీటిని నిలబెట్టి కింది రాతికి తాపుతున్నది ఆ కుంటే అని అప్పుడు మాకు తోచలేదు. బోరు తవ్విన మేస్త్రీని తిట్టుకున్నాము. అవ్వ అప్పటికే నిద్రించింది. ఆమెకు క్షమాపణ చెప్పుకొనే భాగ్యం మాకు లేకపోయింది.

మంచు యుగం గూర్చి చదువుతున్నప్పుడు, చిన్న చెమ్మ చోట్లు ఒక లోకాన్ని కాపాడాయి అన్న మాట దగ్గర మా చేయి ఆగిపోయింది. ఆ అవ్వ చెప్పినది అదే గదా! శాస్త్రవేత్తలు సున్నపు గడ్డలను తూచి తెలుసుకున్నదాన్ని ఆమె తన జేజి నోట విని దాచుకున్నది. మేమేమో డిప్లొమా చదివినవారము, నవ్వి పంపించాము. బెలుం దగ్గర అబ్బాయిని చూసి నవ్వినట్టే.

ఈ సంవత్సరం ఇక్కడి సంఘంలో ప్రహరీ గోడ సంగతి కమిటీ ముందుకు వచ్చింది. తాడు పట్టినట్టు నేరుగా కడితే వంక గట్టున ఉన్న కానుగ చెట్లు, ఒక ముసలి నేరేడు కొట్టివేయాలి. వంక కూడా సగానికి మూసుకుపోతుంది. ఈసారి మేము లేచి పై కథంతా చెప్పాము. కొందరు ఒప్పుకున్నారు. ఇద్దరు పెద్దలు, “గోడ వంకరగా ఉంటే చూసేవాళ్ళు నవ్వుతారు అయ్యగారూ” అన్నారు. నవ్వనివ్వండి అన్నాము. పదిహేను అడుగులు లోపలికి జరిపి కట్టాలని తీర్మానమైంది. ఖర్చు కొంత పెరుగుతుంది. ఆ ఇద్దరు పెద్దల మనస్సు ఇంకా పూర్తిగా కలవలేదు. వారికోసము ప్రార్థిస్తున్నాము, వారితో మాట్లాడుతూనే ఉన్నాము.

పూడ్చిన కుంట సంగతి కూడా వదలలేదు. ఆ పల్లె సంఘానికి ఉత్తరం వ్రాసి, హాలు పక్కన మిగిలిన స్థలంలో ఒక చిన్న గుంట అయినా తవ్వండి, మా వంతు మేము ఇస్తాము అని కోరాము. జవాబు కొరకు ఎదురుచూస్తున్నాము.

ఇంట్లో చేయండి

ఈ నెల మీ పిల్లలను వెంటబెట్టుకొని మీ ఊరి చుట్టూ ఒకసారి నడవండి. కడపటి కరువులో ఏ చోట చెమ్మ మిగిలిందో ఇంటి పెద్దలను అడగండి. అది కుంట కావచ్చు, వంక మలుపు కావచ్చు, పాడుబడిన దిగుడుబావి కావచ్చు. పిల్లల చేత ఒక కాగితం మీద పటం గీయించండి. ఆ చోట ఇప్పుడు ఏముందో చూడండి. చెత్త ఉంటే తీయండి, మట్టి ఉంటే పంచాయతీలో మాట్లాడండి, ఇంకా నీరు ఉంటే దేవునికి స్తోత్రం చెప్పి దానిని కాపాడండి. యోసేపు సమృద్ధి ఏండ్లలోనే కరువుకు సిద్ధపడ్డాడు గదా. మంచి వానలు పడిన ఏడే కుంటను బాగుచేసుకోవలసిన ఏడు.

పొలంలో తెల్లటి సున్నపు గడ్డ దొరికితే పారవేయకుండా పిల్లల చేతిలో పెట్టి, ఇది ఎన్ని వానలను చూసిందో చెప్పండి.

ఆ అబ్బాయి సంగతి అడుగుతారేమో. పోయిన ఆదివారం ఆరాధన తరువాత అతనిని పిలిచి, అందరి ఎదుట జవాబు చెప్పాము. “అబ్బీ, మన జిల్లాలో మంచు పేరుకోలేదు. వాన తగ్గింది. అయినా మన సీమ జీవాలను కాపాడింది. నీ ప్రశ్న మంచిది, ఆ రోజు మేము నవ్వడం తప్పు” అన్నాము. అతడు సిగ్గుపడుతూ, “అయితే అయ్యగారూ, ఆ ఖడ్గమృగం మన చెరువు కాడికి గూడా వచ్చిండొచ్చునా?” అని అడిగాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరమూ ఒంటిమిట్ట చెరువు వైపు చూశాము.